కింద బొగ్గులేసుకో అవ్వా!

ఆ రోజుల్లో నాకు తెలియనిది లేదు. ఐటీఐ సర్టిఫికెట్ చేతికొచ్చి, హిందూపురంలో సోలార్ వాటర్ హీటర్లు అమ్మే షాపులో చేరి పట్టుమని పది రోజులు కాలేదు, అప్పుడే సూర్యుడికి నేనే డ్యూటీ వేస్తున్నట్టు మాట్లాడేవాణ్ణి. షాపు యజమానిని అందరం ‘అన్న’ అనేవాళ్లం. నాకు మొట్టమొదటి ఫిట్టింగ్ అప్పజెబుతూ అన్న ఒకటే మాట అన్నాడు. "ఈ ఇంటి నుంచి ఒక్క కంప్లెయింట్ వచ్చిందా, నువ్వు మళ్లా షాపు మెట్లెక్కొద్దు."

ఆ ఇల్లు పెనుకొండలో ఒక అవ్వది (చుట్టమేమీ కాదు, మా వైపు ఆ వయసు వాళ్లంతా మనకు అవ్వలే). కోడలి పోరు పడలేక సోలార్‌కు ఒప్పుకుంది గానీ, చింతపండుతో తోమి తోమి తళతళలాడించే తన రాగి బాయిలర్‌ను తీసేయడానికి మాత్రం ససేమిరా అంది. "మోడం పట్టిన దినం మీ సూర్యుడు యాడికి పోతాడో, నేను ఉడుకునీళ్లకు యాడికి పోవల్లనో!" అంది. అప్పుడు నా బుర్ర పాదరసంలా పనిచేసింది. మిద్దె మీది ట్యాంకు నుంచి దిగే పైపును బచ్చలింట్లో, అదే స్నానాల గదిలో ఉన్న ఆ బాయిలర్‌కే కలిపేశాను. ఎండ ఉంటే ఎండ, లేకుంటే బాయిలర్లో బొగ్గులు. పనైపోయింది, బస్సుకు టైమైంది. మిద్దె మీద ప్యానెల్ పక్కనే నిలబడి హడావిడిగా చెప్పాను. "ఎండ లేని దినం కింద బొగ్గులేసుకో అవ్వా, అంతే!"

వారం తిరక్కుండానే ముసురు పట్టింది. పొద్దున్నే షాపుకు ఫోను. నీళ్లు కాగలేదట, పైగా ఇల్లంతా పొగట. అన్న నా వైపు ఒక చూపు చూశాడు. నేను పరుగున బస్సెక్కాను.

మిద్దె మీద అవ్వ ఒక చేత్తో గొడుగు పట్టుకుని, ఇంకో చేత్తో చేట విసురుతోంది. ప్యానెల్ కింద ఇనుప బాండ్లీ నిండా కణకణలాడే బొగ్గులు!

"వస్తివా అప్పా! పొద్దున్నుంచి విసిరి విసిరి రెక్కలు పడిపాయ, నీళ్లు మాత్రం సల్లగానే ఉండాయి."

ప్యానెల్ అడుగు మసిబారింది. పైపు చుట్టూ ఉన్న ఫోము కరిగి కారుతోంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"కింద అంటే ఈ కింద కాదవ్వా, బచ్చలింట్లో బాయిలర్లో!"

"మిద్దె మీద నిలబెట్టి కింద అంటివి. యా కిందో చెప్పల్ల కదా?"

అంతలో వీధిలో అన్న మోటారుసైకిలు చప్పుడైంది. నాయన ఊరంతా చెప్పుకున్న ఉద్యోగం ఇంత తొందరగా ఊడితే ఇంటికి ఏ మొహం పెట్టుకుని పోవాలి? ఆ బాండ్లీని ఎక్కడ దాచాలా అని నేను దిక్కులు చూడటం అవ్వ చూసింది.

అన్న పైకొచ్చి బాండ్లీని చూశాడు. "ఏమవ్వా, మావోడు నీకు సరిగ్గా చెప్పలేదా?"

"చెప్పకేమప్పా! బచ్చలింట్లో అనే చెప్పినాడు. నాకే చెవుడు" అంది అవ్వ, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని. అన్న పాపం గొంతు చించుకుని మొదటి నుంచి మళ్లీ అంతా వివరించాడు. అవ్వ మధ్యమధ్యలో "ఆఁ? ఆఁ?" అంటూ విన్నది. నేను తల వంచుకుని కాలిన ఫోము గీకుతూ కూర్చున్నాను.

పని ముగించి వీధిలోకి దిగాక, మిద్దె వైపు చూసి నాకే వినపడనంత మెల్లగా "పోయొస్తానవ్వా" అన్నాను.

"జాగ్రత్తగా పోండప్పా, రోడ్డు జారుతాంది!" అని పైనుంచి ఠక్కున జవాబొచ్చింది.

బండి స్టార్టు చేయబోతున్న అన్న ఆగిపోయాడు. పైకి చూశాడు, నన్ను చూశాడు. నన్ను వెనక ఎక్కించుకుని హిందూపురం తీసుకొచ్చాడు. షాపు ముందు దింపి, "రేపు పొద్దున్నే రా" అన్నాడు.

ఇప్పుడు నాకు ధర్మవరంలో సొంత షాపుంది. ముసురు పట్టిన రోజున ఆ గొడుగూ చేటా గుర్తొచ్చి ఒక్కణ్ణే నవ్వుకుంటాను. ఆ వెంటనే కాస్త సిగ్గేస్తుంది. నా కోసం చెవిటిదైపోయిన ఆ అవ్వకు చెవులు శుభ్రంగా ఉన్నాయని అన్నతో చెప్పే ధైర్యం ఆ వేళ నాకు లేకపోయింది.