పైథాగరస్ వద్దన్న చిక్కుళ్ళ కోసం ఓక్లీ దాకా

పరాయి దేశంలో మేముండే వెర్రిబీలో మా పెరటి కంచె మీద చిక్కుడు పాదు విరగకాసింది. కూర వండి పెడితే మనవరాలు నిత్య కంచం పక్కకు తోసేసింది. "పైథాగరస్ బీన్స్ తినొద్దన్నాడు నానమ్మా. గ్రేట్ మ్యాథమెటీషియన్. నేనూ తినను." తినేవాళ్ళు లేనప్పుడు పాదెందుకు, పీకేసి అక్కడ బార్బీ, అదే మాంసం కాల్చుకునే పొయ్యి, పెట్టుకుందాం అన్నాడు మా అబ్బాయి. ఎప్పుడో పోయిన గ్రీకు మనిషి నా పాదు మీదికొస్తే ఊరుకుంటానా? ఓక్లీలో ఉండే వాళ్ళవాళ్ళనే అడిగి తేల్చుకుందామని బయలుదేరాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే కోడలు సుజాత తన బ్లాగులో రాస్తోంది. ఒక్క ముక్క తగ్గించినా ఒప్పుకోను.

ఆదివారం తొమ్మిదింటికి నిత్యా నేనూ వెర్రిబీలో రైలెక్కి, సిటీలో మారి, పదకొండుకల్లా ఓక్లీలో దిగాం. శని, ఆదివారాల్లో చార్జీ తక్కువ. స్టేషన్ దాటగానే గ్రీకు కొట్లే. కాఫీల ముందు కూర్చుని ముసలాళ్ళు గొంతులు పెంచి వాదించుకుంటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక హోటల్లో టొమాటోలో మగ్గిన పెద్ద పెద్ద చిక్కుడు గింజలు కనిపించాయి, ప్లేటు పద్దెనిమిది డాలర్లు. వండే ఆవిడ ఎలెనీ, నా ఈడుదే.

"ఆయన వద్దంటే వీళ్ళెందుకు వండుతున్నారో అడగవే!" అన్నాను.

నిత్య ఇంగ్లీషులో అడిగింది. ఎలెనీ పడీ పడీ నవ్వి ఏదో చెప్పింది.

"ఆయన మాట వింటే మేం ఆకలితో చచ్చేవాళ్ళం అంటోంది, నానమ్మా. ఇంకో కథ కూడా చెప్పింది. శత్రువులు తరుముతుంటే ఆయనకు బీన్స్ చేను అడ్డొచ్చిందట. దాటితే బతికేవాడు. తొక్కనని ఆగిపోయాడట, చంపేశారట. సో సిల్లీ!"

తెనాలి పక్కన మా ఊళ్ళో, నాకు తొలి కాన్పు నొప్పులొచ్చిన రోజు, మంత్రసాని కోసం పరుగెత్తిన మా ఆయన కూడా పక్కవాళ్ళ మినుము చేను తొక్కలేదు. గట్టంతా చుట్టి వెళ్ళాడు. "అడ్డంపడి పోలేకపోయావా!" అని నేను పెట్టిన శాపనార్థాలకు వీధంతా పోగైంది. ఆయన మాత్రం "పూత మీదుందే" అన్నాడు, అంతే.

ఇదంతా నిత్యకు చెప్పి, "మరి తాతయ్య కూడా సిల్లీనా?" అనడిగాను.

కూర తిన్నదా అంటే, తినలేదు. కానీ ఇంటికి రాగానే వాళ్ళ నాన్నతో "డాడ్, పాదు ముట్టుకోకు. బార్బీ గరాజ్ పక్కన పెట్టుకో" అంది. పెట్టుకున్నాడు.

ఓక్లీ వెళ్ళేవాళ్ళు పన్నెండు కాకముందే చోటు చూసుకోండి, తరువాత నిలబడాల్సిందే. ఆ పైథాగరస్ లెక్కలు నాకు తెలియవు. చేను తొక్కని మనిషి ఎలా ఉంటాడో తెలుసు. కాపురం చేశాను.