పాచి కడిగిన పలకలు

మా వదినని వీధి వీధంతా పాచక్క అంటుంది. పొద్దున లేవగానే మన పళ్ళ మీద ఉండేదీ పాచే, వాగులో రాళ్ళ మీద జారుడుగా పట్టేదీ పాచే. ఆ రెండోదాన్ని వదిన ఇరవై రెండేళ్ళుగా పళ్ళు తోముకునే బ్రష్షుతోనే తోముతోంది. ఇంక జనం ఊరుకుంటారా? "అక్కా, రాళ్ళకి తోమావు సరే, పుక్కిలించమని చెప్పావా?" అని ఆటపట్టించేవాళ్ళు. ఆ మాట మొదట అన్నది నేనే. ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపిస్తుంది.

వదినంటే మా ఆయన అక్క. పెళ్ళి చేసుకోలేదు, మాతోనే ఉంటుంది. నీళ్ళు పరీక్ష చేసే ఆఫీసులో పని. సీసాలు కడగడానికి చేరింది, పక్కన నిలబడి చూసి చూసి నేర్చుకుని మైక్రోస్కోపు ముందు కూర్చునేదాకా వచ్చింది. మోకాలిలోతు కూడా లేని పిల్లవాగులన్నీ ఆవిడ వంతు. వాగులోంచి రాయి తీసి, బ్రష్షుతో రుద్ది, ఆ గోధుమరంగు జిగురుని డబ్బాలో పడుతుంది. ఆఫీసుకి తీసుకెళ్ళి యాసిడ్‌లో మరిగించి, గాజుముక్క మీద పరిచి, నాలుగొందలు లెక్కపెడుతుంది. ఏమిటా నాలుగొందలు అని ఒకసారి అడిగితే నన్ను కూర్చోబెట్టి చూపించింది. కంటికి ఆనని నాచు. ఒక్కోదానికీ ఒంటి చుట్టూ గాజుడొప్ప. కొన్ని పడవల్లా, కొన్ని సూదుల్లా ఉన్నాయి. "భలే ఉన్నాయి వదినా, చెవులకి పెట్టుకోవచ్చు," అన్నాను. ఆవిడ నవ్వలేదు.

"ఇది మన ఇంటి వెనక వాగులోది. సరిగ్గా చూడు," అంది.

చూశాను. పడవల్లో కొన్ని నడుం దగ్గర వంగిపోయి ఉన్నాయి, ఎవరో వేళ్ళతో మెలితిప్పినట్టు. "ఎక్కడైనా వందకి ఒకటో రెండో ఇలా ఉంటాయి. ఇక్కడ పంతొమ్మిది ఉన్నాయి," అంది. అయినా ఇంటికొచ్చి అన్నం వండాను, మామూలుగానే, బావి నీళ్ళతోనే.

ఆ బావి వాగు ఒడ్డునే ఉంది, వాగు నీరే అందులోకి ఊరుతుంది. పన్నెండిళ్ళ వాళ్ళం అవే తాగుతాం. రెండు వంపులు ఎగువకి వెళ్తే తాళాలకీ కుళాయిలకీ మెరుపు పూత వేసే షెడ్డు ఉంది. అది వచ్చి మూడేళ్ళయింది. మా చిన్నదానికి ఆరేళ్ళు. ఏడాదిగా అది పాలిపోతోంది. పరుగెత్తితే ఆయాసం, రోజు విడిచి రోజు కడుపునొప్పి. డాక్టరు మొదట నులిపురుగులన్నాడు, తర్వాత రక్తం తక్కువన్నాడు. మందులు మార్చాడు తప్ప పిల్ల మారలేదు.

"ఒంట్లో లోహం చేరిందేమో చూడమని అడుగు," అని వదిన పోరింది. అడిగాను. ఆ పరీక్ష ఇక్కడ కాదు, పెద్ద ల్యాబుకి పంపాలి, నీళ్ళాఫీసు నుంచి కాయితం ఉంటేనే వాళ్ళు తీసుకుంటారు అన్నాడు డాక్టరు. ఏ లోహమో తేలితేనే విరుగుడు మందట. కాయితం ఇవ్వాల్సింది వదిన పెద్దాఫీసరు. ఆయన సీసాలో నీళ్ళు పట్టించాడు. శుభ్రంగా ఉన్నాయని వచ్చింది.

"సీసా ఆ నిమిషం సంగతే చెప్తుంది సార్. షెడ్డువాళ్ళు మురుగు ఎప్పుడు వదులుతారో మనకేం తెలుసు? పాచి అయితే అక్కడే కాపురం ఉంటుంది, నెల్లాళ్ళు ఏం తాగిందో దాని ఒంటి మీద కనిపిస్తుంది," అందట వదిన.

ఆయన తక్కువవాడేం కాదు. షెడ్డుకి ఎగువన చెట్ల నీడ, మీ ఇంటి వెనక ఎండ అన్నాడు. అక్కడ నీళ్ళ ఉరవడి, ఇక్కడ నింపాది. అక్కడ నల్లరాయి, ఇక్కడ సున్నపురాయి. నత్తలు మేసేచోట ఒక రకం మిగులుతుంది, మేయనిచోట ఇంకో రకం. తేడాకి ఇన్ని కారణాలుంటే షెడ్డు మీద ఎలా రాయను అన్నాడు. అదీ నిజమేనని వదినే ఒప్పుకుంది. ఆ నిజాయితీ చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

అప్పుడు పలకలు తెచ్చింది. గోడకి వేసే తెల్లటి పలకలు పన్నెండు, ఇటుకలకి కట్టి, షెడ్డుకి ఎగువన ఆరు, మా ఇంటి వెనక ఆరు వాగులో పెట్టింది. అన్నీ ఒకే లోతు, ఒకే ఉరవడి, పైన ఒకే రకం గుడ్డనీడ, నత్తలు ఎక్కకుండా చుట్టూ జాలీ. "నాలుగు వారాలు. ఇంక తేడా అంటూ వస్తే అది నీళ్ళ తేడానే," అంది. నాకు మరీ మరీ చెప్పింది, "కదపకు. నీడ మార్చకు."

కదపలేదు, నీడా మార్చలేదు. కడగొద్దని చెప్పాలని ఆవిడకి తట్టలేదు. ఎలా తడుతుంది?

ఇరవై ఎనిమిదో రోజు పొద్దున్నే పెద్దాఫీసరుని తీసుకురావడానికి వదిన వెళ్ళింది. నేను వెనక్కి వెళ్ళి చూద్దును కదా, పలకలన్నీ గోధుమరంగు బంక పట్టి అసహ్యంగా ఉన్నాయి. అయ్యో, అంత పెద్దమనిషి వస్తుంటే మా ఇంటి వెనక వస్తువులు పాచి మొహంతో ఉంటాయా! జాలీ ఎత్తి, ఎక్కడివక్కడే ఉంచి, పీచూ సబ్బుపొడీ పెట్టి తోమాను. ఆరూ తళతళలాడాయి. వదిన ఎంత సంతోషిస్తుందో అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది, ఇంకేం చెప్పను.

ఆయన ఎగువ పలకలు చూసుకుని ఇక్కడికి వచ్చి వంగి చూశాడు. "ఎగువన అంత పట్టింది, ఇక్కడ చుక్క లేదు. ఏమీ బతకనంత విషమా? ఇది చాలమ్మా, ఇవాళే కాయితం రాసేస్తాను," అని జేబులోంచి పెన్ను తీశాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. వదిన పలక ఎత్తి అంచు చూసింది. తర్వాత నా తడిచేతులు చూసింది. ఒక్క క్షణం, దేవుడా, ఒక్క మాట మింగేస్తే అయిపోయేది.

"కాదు సార్. ఇవి ఎవరో తోమేశారు. గీతలు చూడండి," అంది.

ఆయన పెన్ను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను వదిన మీద విరుచుకుపడ్డాను. "కన్నపిల్ల కాదు కాబట్టే అలా అనగలిగావు!" అన్నాను. తప్పు నాది, నోరూ నాదే. ఆవిడ ఒడ్డున కూలబడి కళ్ళు తుడుచుకుంది.

"షెడ్డువాళ్ళు ఊరుకుంటారా? ఒక్క పలక అద్దం కింద పెడితే ఆ గీతలు బయటపడతాయి. ఆ తర్వాత ఈ వాగు గురించి నేనేం చెప్పినా ఎవరూ వినరు. అప్పుడు చిన్నదానికి మందెవరిస్తారే?" అంది. తిట్టినా బాగుండేది.

ఆ మధ్యాహ్నమే కొత్త పలకలు దించింది. ఆ రోజు నుంచి గంటసేపు వరసలో నిలబడైనా వీధి చివర కుళాయి నీళ్ళే ఇంట్లోకి తెస్తున్నాను. పన్నెండిళ్ళకీ తిరిగి చెప్పాను; ఇద్దరు విన్నారు, మిగతావాళ్ళు "అద్దంలాంటి నీళ్ళకి వంకలేంటమ్మా," అన్నారు. నేను వాగు పక్కనే పీట వేసుకుని కాపలా కూర్చున్నాను. మబ్బు పడితే చాలు వణుకు. వాగు పొంగితే పట్టిందంతా కొట్టుకుపోతుంది, మళ్ళీ మొదటికే.

వాన రాలేదు. పలకల మీద రోజురోజుకీ రంగు ముదిరింది. పంతొమ్మిదో రోజు చిన్నది బడిలో పడిపోయింది.

ఆసుపత్రికి నేనూ వదినా మోసుకెళ్ళాం. డాక్టరు పిల్ల కింది రెప్ప లాగి చూశాడు. గోళ్ళు నొక్కి చూశాడు, నొక్కినచోటికి రంగు తిరిగి రాలేదు.

"నీళ్ళాఫీసు కాయితం తెచ్చారా?" అని అడిగాడు.

"ఇంకో తొమ్మిది రోజుల్లో వచ్చేస్తుందండీ," అన్నాను.

"తొమ్మిదా?" అన్నాడు. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన తలుపు దగ్గరికి వెళ్ళి నర్సుని గట్టిగా పిలిచాడు.