సన్నని పలక వంగిన రోజు

మా ముత్తాత పెనుకొండ చుట్టుపక్కల నాలుగూళ్లకు కరణం. మా తాత ధర్మవరం వెళితే మగ్గాల యజమానులు వీధిలోకి వచ్చి నమస్కరించేవారు. నా వంతు వచ్చేసరికి ఒక బోరు, మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు మిగిలాయి. రెండు వేల సంవత్సరం దాటాక వరసగా రెండు పంటలు పెబ్రిన్ రోగానికి పోయాయి. మూడోది గూళ్లు కట్టి హిందూపురం మార్కెట్టుకు చేరితేనే అప్పులు తీరి ఆ భూమి మాకు నిలిచేది.

పురుగులు మూడో జ్వరం పడి, అంటే ఆకు మాని పొర విడవడానికి కదలకుండా ఉన్నప్పుడు, బెంగళూరులో పరిశోధన చేస్తున్న ఒకమ్మాయి ఒక పెట్టె తెచ్చింది. హిందూపురం పిల్లే. పెట్టెలో వెంట్రుక కంటే సన్నని సిలికాన్ పలక ఉందట. ఒక చివర దిమ్మెకు అంటి ఉంటుంది, రెండో చివర గాలిలో ఉంటుంది. రోగక్రిమి తాలూకు అణువులు దాని పూతకు అంటుకుంటే పలక వంగుతుంది. ఆ వంపును లేజరు కాంతి పట్టి తెర మీద గీతగా చూపిస్తుంది. నలిపిన పురుగు రసం ఒక చుక్క చాలు.

"యాడుండాదమ్మా ఆ పలక? నా కండ్లకి కనపడలేదే," అంది మా అమ్మ.

"నాకూ కనపడదవ్వా. మైక్రోస్కోపులో చూడాల."

"కనపడనిదానికి ఇంత పెద్ద పెట్టెనా!"

అమ్మాయి చేతులు కడుక్కోవడానికి బయటికి వెళ్లింది. పరాయి చూపు పడితే పురుగులు గూడు కట్టవని మా ఇంట్లో పట్టింపు. అమ్మ నిప్పుల మీద ఎండుమిరపకాయలు, ఉప్పు వేసి తట్టలన్నిటికీ దిష్టి తీసింది. మర్యాదకు ఆ పెట్టెకూ తీసింది. దాని మూత తెరిచే ఉంది.

అమ్మాయి దగ్గుతూ వచ్చింది. ఉత్త నీటి చుక్క వేసినా గీత పైకి లేచింది.

"పొగ పట్టిందన్నా. ఇది ఇంక ఏం చెప్పినా నమ్మొద్దండి."

"నీ మిషనుకే దిష్టి ఎక్కువుండాదమ్మణ్ణీ. మా పురుగులు బాగుండాయి," అని అమ్మ నవ్వింది.

నాకూ ఆ మాటే నమ్మాలని ఉంది. అప్పటికే విసిగిపోయి ఉన్నాను. కానీ ఆ అమ్మాయి దగ్గర ఇంకో పలక ఉంది. పొగ అందని మోటారు గదిలో పెట్టె పెట్టి మళ్లీ చూసింది. నీటి చుక్కకు గీత కదలలేదు. పురుగు రసానికి మెల్లగా లేచి, ఇక దిగలేదు.

"ఇంకో తట్టలోది తెస్తారా అన్నా?"

తెచ్చాను. అదీ అంతే.

అమ్మ చేతిలోని దిష్టి కుంపటిని నేల మీద పెట్టింది. "పక్క షెడ్లకి పాకుతాదా?" అని మాత్రం అడిగింది.

"పాకుతాదవ్వా."

సాయంత్రం ఆకుతో సహా పురుగులన్నిటినీ గుంతలో వేసి కాల్చాం. కూలీలను పిలవలేదు, నేనే మోశాను. ఆ వేసవిలో తోట, బోరు, షెడ్డు గోరంట్ల వ్యాపారికి అమ్మాం.