మార్కాపురం ఇంటర్వ్యూలో నేను చెప్పని మాట

2022 ఆగస్టు. మార్కాపురం బజారులో, పలకల కార్ఖానాలకు పోయే సందు మొదట్లో, ఒక కిరాణా దుకాణం ముందు ముగ్గురం నిలబడి ఉన్నాం. ముంబై నుంచి వచ్చిన మా డైరెక్టర్ మేడం, మార్కెటింగ్ మేనేజర్ ఉద్యోగానికి చివరి రౌండు దాకా వచ్చిన రూతు అనే ఆమె, నేను. పెద్ద టెక్నాలజీ కంపెనీ ఇంటర్వ్యూ అంటే అద్దాల గది, ఏసీ, కాఫీ అనుకుంటారు అందరూ. మాది ఆ రోజు ఎండలో, ఉల్లిగడ్డల బస్తాల పక్కన జరిగింది.

ఎందుకో చెప్తాను. చిన్న ఊళ్ల దుకాణదారులు ఫోన్లోనే సరుకు తెప్పించుకునే యాప్ ఒకటి తయారుచేశాం. దాన్ని ఈ ప్రాంతంలో జనానికి అలవాటు చేసే మేనేజర్ కావాలి. స్లైడ్లు చూసీ చూసీ విసుగెత్తిన మేడం ఈసారి ఫీల్డ్ రౌండ్ పెడదామన్నారు. అంటే అభ్యర్థి బజారులో మనుషులతో ఎలా మాట్లాడతారో మేం పక్కన నిలబడి చూడటం. ప్యానెల్‌లో, అంటే మార్కులు వేసేవాళ్లలో, ఉన్నది మేమిద్దరమే. మేడంకు తెలుగు రాదు. అక్కడి మాటలు ఆమెకు ఇంగ్లీషులో చెప్పే పని కూడా నాదే.

ఊరు ఎంచింది నేనే. మ్యాపులో చూసి ఎంచినట్టు చెప్పాను. అసలు సంగతి, నేను పుట్టి పెరిగిందే మార్కాపురం. మా నాయన పలకల కార్ఖానాలో రాయి కోసేవాడు. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా బూడిదరంగు పొడి ఉండేది. సెలవుల్లో నేనూ పోయి, పలకను ఒక మూల పట్టుకుని వేలి కణుపుతో కొట్టి చూసేవాణ్ణి. ఖంగుమంటే మంచిది. బొంగురుగా మోగితే లోపల పగులున్నట్టు. ఆ పలకల మోత నా చిన్నతనమంతా వినిపిస్తూనే ఉండేది. నాయన పోయాక మా అద్దె ఇల్లూ పోయింది, ఆ ఊరికి వెళ్లడానికి సాకు కూడా లేకుండా పోయింది.

మరి దాచడం ఎందుకంటారా? హైదరాబాదులో నా మొదటి ఇంటర్వ్యూలో “ఏంది సార్” అని మా ఊరి యాసలో అన్నానని ముగ్గురు పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. ఆ నవ్వు నన్ను వదల్లేదు. అప్పట్నుంచి నాది హైదరాబాదే. కంపెనీలో తొమ్మిదేళ్లు గడిచినా ఎవరికీ వేరే ఊరు చెప్పలేదు.

ముందు రోజు వచ్చిన అభ్యర్థి చురుకైనవాడు. పది నిమిషాల్లో యాప్ గొప్పలన్నీ చెప్పి, ఇద్దరు దుకాణదారుల ఫోన్లలో ఎక్కించేశాడు కూడా. ఇలా సరుకు గొప్ప చెప్పి ఒప్పించే మాటల్ని మా వృత్తిలో పిచ్ అంటారు. మేడం ముచ్చటపడ్డారు.

రూతు విజయవాడలో ఒక చిన్న కంపెనీలో ఎనిమిదేళ్లుగా పనిచేస్తోంది. ఆ కంపెనీ మూతపడబోతోంది. తమ్ముడి చదువు, ఇల్లు గడవడం అన్నీ ఈమె జీతం మీదే. ఈ ఉద్యోగం ఎంత అవసరమో మొదటి రౌండులో అడక్కుండానే చెప్పేసింది. అలా చెప్పకూడదని మనసులో అనుకున్నాను కూడా. రెజ్యూమేలో ఊరు విజయవాడ అనే ఉంది.

దుకాణం నడిపేది రమణమ్మ అనే పెద్దామె. రూతు మెట్టెక్కగానే “పెద్దమ్మా, కాసిని మంచినీళ్లు ఇస్తావా” అంది. ఏ ఊరని ఆమె అడిగింది. కొనకనమిట్ల మండలమనీ, వాళ్లమ్మ ఇక్కడే పలకలకు చెక్కలు బిగించేదనీ చెప్పింది రూతు. మా పక్క మండలమే అది. ఇక చూడండి, ఏ కార్ఖానా, ఏ ఏడు, మీ అమ్మ పేరేంది, వానలు పడినాయా, గొర్రెలకు మేతుందా. గంటన్నర. యాప్ పేరే ఎత్తలేదు.

మేడం నా చెవి దగ్గరికి వంగి ఏమంటున్నారని అడిగారు. ఊరి కబుర్లు అన్నాను. అంతే అన్నాను. మా వైపు మొదటి రోజు ఎవరూ పని మాట ఎత్తరని నాకు తెలుసు. ఎవరి తాలూకు మనిషివో తేలకుండా సరుకు సంగతి తెస్తే, మొహమాటానికి ఊఁ కొట్టి పంపేస్తారు. ముందు రోజు ఆ ఇద్దరు దుకాణదారులూ చేసింది సరిగ్గా అదే. ఇవన్నీ తెలిసి కూడా నోరు మెదపలేదు. ఊరి మనిషిని వెనకేసుకొస్తున్నాడంటారేమోనని భయం. అంతకంటే పెద్ద భయం, నాది ఆ ఊరని తెలిసిపోతుందేమోనని.

దుకాణంలో ఒక మూల పలకల కట్ట ఉంది. నా చెయ్యి ఊరుకుంటుందా? ఒకటి తీసి, మూల పట్టుకుని, కణుపుతో కొట్టాను. ఖంగుమంది. తలెత్తితే రూతు నన్నే చూస్తోంది. రమణమ్మ కూడా.

“నీదే ఊరు నాయనా?” అంది పెద్దామె.

“హైదరాబాద్” అన్నాను.

అంతలో మేడంకు ఫోన్ వస్తే ఇద్దరం బయటికి వచ్చాం. పది నిమిషాల తర్వాత రూతు దుకాణం దిగింది. మళ్లీ వస్తానని పెద్దమ్మకు చెప్పి వచ్చింది.

మధ్యాహ్నం హోటల్లో మేడం సూటిగానే అడిగారు, వచ్చిన పని గురించి ఒక్క ముక్కా ఎందుకు మాట్లాడలేదని. రూతు ఇంగ్లీషులో నిదానంగా జవాబిచ్చింది. ఈ రోజు అమ్మితే ఒక్కసారే అమ్మగలననీ, రెండోసారి వెళ్లినప్పుడు ఆమే అడుగుతుందనీ అంది. ఇక్కడి పద్ధతి అదేనా అన్నట్టు మేడం నావైపు తిరిగారు. రూతూ నావైపే చూసింది. బతిమాలుతున్నట్టు కాదు, తెలిసిన మనిషిని చూసినట్టు.

నేను లాప్‌టాప్‌లోకి చూశాను. నాకు అంతగా తెలియదన్నాను.

స్కోర్ షీట్లో, అంటే మార్కుల కాగితంలో, అయిదుకు రెండు వేశాను. ఉద్యోగం ముందు రోజు వచ్చినతనికి వెళ్లింది. అతను మంచివాడే, అతని తప్పేమీ లేదు. రూతుకు కబురు చెప్పే మెయిల్ మాత్రం నేనే రాశాను. మీ సమయానికి ధన్యవాదాలు అని రాసిన వేళ్లు ఇవే.

రెండేళ్ల తర్వాత గిద్దలూరులో పెళ్లికి వెళ్లి, తిరిగొస్తూ మార్కాపురంలో బస్సు దిగాను. కాళ్లు వాటంతటవే ఆ సందు దగ్గరికి తీసుకుపోయాయి. రమణమ్మ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి గుర్తుపట్టింది. ఆ పిల్ల ఏదని అడిగింది. మళ్లీ వస్తానన్నదట, ఆమె వస్తేనే ఆ యాప్ పెట్టించుకుందామని ఎవరొచ్చినా వద్దంటోందట. రూతు ఆమెకు యాప్ సంగతి చెప్పలేదు కదా అన్నాను. ఏదో పని మీద వచ్చిందని ఆ మాత్రం తెలియదా, తర్వాత మీవాళ్లు యాప్ అంటూ వచ్చినప్పుడు ఆ పనేందో అర్థం కాదా అంది.

నాకు అక్కడే నిజం చెప్పాలనిపించింది. “నాది మార్కాపురమే పెద్దమ్మా. ఆ పొద్దు అబద్ధం చెప్పినా.”

“తెలుసులే నాయనా” అంది ఆమె, కందిపప్పు పొట్లం కడుతూనే. “పలక మోగిచ్చినప్పుడే తెలుసు. నిలదీసి అడుగుదామనుకున్యా. మీరు బయటికి పోయినాక ఆ పిల్లే నా చెయ్యి పట్టుకునింది. ఆయన మనూరాయనే పెద్దమ్మా, ఏం ఇబ్బందో చెప్పుకోలేకుండా ఉండాడు, అడగబాకు అనింది.”

దుకాణం మెట్టు మీద కూర్చుండిపోయాను. ఉద్యోగం అంత అవసరమైన మనిషి, తన మార్కులు నా చేతుల్లో ఉన్నాయని తెలిసి, నా గుట్టు కాపాడింది. ఒక్క మాట చెప్పాల్సిన చోట నేను తెలియదన్నాను. సిగ్గేసింది. ఈ రోజుకీ వేస్తుంది.

ఇప్పుడు ఏ ఇంటర్వ్యూలోనైనా నా ఊరు పేరు చెప్పుకున్నాకే మొదటి ప్రశ్న అడుగుతాను. అభ్యర్థి గురించి నాకు తెలిసింది ప్యానెల్ ముందు పెట్టకుండా మార్కు వేయను. ఇరవై ఏళ్ల వృత్తిలో నేర్చుకున్నదంతా ఒక ఎత్తు, ఆ మెట్టు మీద నేర్చుకున్నది ఒక ఎత్తు.

రమణమ్మ దుకాణం నుంచి వచ్చిన ఆ సాయంత్రం బస్టాండు నుంచే రూతుకు ఫోన్ చేశాను. ఏడాది పాటు ఖాళీగా ఉండి, ఈమధ్యే ఒంగోలులో చిన్న ఉద్యోగంలో చేరిందట. ఆ రోజు చెప్పని మాటతో సహా అన్నీ చెప్పాను, క్షమించమన్నాను.  

“పెద్దమ్మ దగ్గర పలక తీసుకున్నావా అన్నా?” అంది. ఇంటర్వ్యూ మొత్తం సార్ అన్న మనిషి.

తీసుకున్నానని చెప్పాను.

“మోగిచ్చి చూసినావా?”

బస్టాండులో అంతమంది మధ్య సంచిలోంచి పలక తీసి, ఫోన్ దగ్గర పెట్టి, కణుపుతో కొట్టాను.