గళ్ల గుడ్డ ముక్క

మొన్న ఆదివారం మా అక్క మనవరాలు తన ఫోన్ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. తెర మీద మన రాష్ట్రం మ్యాపు, నియోజకవర్గాల గీతలతో సహా. ఒక్కో గడి మీద వేలు పెడితే రంగు మారుతుంది. రాబోయే ఎన్నికల్లో ఎవరెక్కడ గెలుస్తారో మనమే రంగులు వేసుకోవచ్చట. అయిపోయిన ఎన్నికలను కూడా మనకు తోచినట్టు తిప్పేసి, అట్లా జరిగి ఉంటే గద్దె మీద ఎవరు కూర్చునేవారో చూసుకోవచ్చట. "చిన్నమ్మమ్మా, జర నువ్వు కూడ ఆడు. మా హాస్టల్ల అందరం ఇదే ఆడుతానం" అన్నది. కళ్ళజోడు సర్దుకుని వరంగల్ మీద వేలు పెట్టాను. ఒక రంగు వచ్చింది. మళ్ళీ పెడితే ఇంకోటి. ఇంత సులువా అనుకున్నాను. "ఈ ఆట మీ తాత ఎప్పుడో ఆడిండే, గుడ్డ మీద" అంటే అది నమ్మలేదు. దాని తప్పు కాదు. అది పుస్తకాల సంచి మోసే వయసులోనే మా ఇంట్లో ఆ ఆట ఆగిపోయింది. ఎందుకు ఆగిందో దానికి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినదాన్ని నేనే కాబట్టి, ఎవరూ చెప్పలేదంటే నేను చెప్పలేదని అర్థం.

మేం ముగ్గురం. అక్క పెద్దది, నడుమ అన్న, చివర నేను. అక్క భర్త, అంటే మా బావ, చౌరస్తా దగ్గర బట్టల దుకాణం నడిపేవాడు. దుకాణంలోకి అడుగు పెడితే గంజి వాసన, కొత్త తానుల వాసన, బావ నమిలే సోంపు వాసన కలిసి ఎదురొచ్చేవి. అరుగు మీద మిషన్ పెట్టుకుని ఒక టైలర్ కుట్టుకునేవాడు. ఎన్నికలు వచ్చాయంటే బావ ఆయనకు తెల్లటి మల్లు గుడ్డ చింపి ఇచ్చేవాడు. ఆయన దాన్ని రుమాళ్ళుగా కోసి, ఒక్కోదాని మీద మా జిల్లా నియోజకవర్గాల హద్దులు నల్లదారంతో కుట్టేవాడు. ఒకసారి సర్కారు ఆ హద్దులు మార్చినప్పుడు, అప్పటికే కుట్టిన రుమాళ్ళన్నీ విప్పి మళ్ళీ కుట్టవలసి వచ్చింది. "సర్కారుకేంది సేటూ, గీత గీసి పోతది. ఇప్పేది నేను" అని ఆ వారమంతా విసుక్కున్నాడు. మనిషికో రుమాలు. గడిగడికీ ఒక గుడ్డముక్క పెట్టి గుండుసూదితో గుచ్చాలి. పార్టీల అసలు రంగులు వాడితే దుకాణంలో కొట్లాటలవుతాయని బావ ఒక పార్టీకి చారల గుడ్డ, ఒక పార్టీకి పూల గుడ్డ, ఇంకోదానికి చుక్కల గుడ్డ అని పంచేవాడు. ఏ పార్టీకీ చెందని ఇండిపెండెంట్లకు లుంగీల తానులో మిగిలిన గళ్ల గుడ్డ. దాని అవసరం ఎప్పుడోగాని పడేది కాదు.

ఆటకు రెండే నియమాలు. ఒకటి, మనకు ఏది కావాలో అది కాదు, ఏది జరుగుతుందని మనసులో ఉందో అదే పెట్టాలి. "ఆశ ఇంట్ల పెట్టుకో మరదలా, రుమాలు మీద లెక్క పెట్టు" అనేవాడు బావ. రెండు, పెట్టిన రుమాలు మడిచి అక్క చేతికివ్వాలి. అక్క వాటిని బీరువాలో చీరల నడుమ దాస్తుంది. ఫలితాలు వచ్చిన సాయంత్రం ఎవరి రుమాలు వాళ్ళే విప్పాలి. ఇంకొకరు ముట్టుకోకూడదు. గెలిచినవాళ్ళకు అక్క చేసిన సర్వపిండిలో నడిమి ముక్క, బాగా కాలి కరకరలాడేది. ఆ ముక్క పదిసార్లలో తొమ్మిదిసార్లు బావదే. ఆయన కిటుకు ఏమిటో మాకు తెలుసు, కాని చేతకాలేదు. నెక్కొండ రైలు దిగివచ్చిన రైతునో, ములుగు బస్సు దిగివచ్చిన ఆడమనిషినో "ఎవరికి వేస్తరు?" అని ఆయన ఎన్నడూ అడగలేదు. తాను విప్పి పరుస్తూ, "మీ పక్కింటోళ్ళు ఎవరికి వేస్తాన్రు?" అనేవాడు. మనిషి తన ఓటు గురించి అబద్ధం చెప్తాడుగాని పక్కింటివాడి గురించి అబద్ధం చెప్పవలసిన పనేముంది?

ఫలితాల తర్వాత రెండో ఆట మొదలయ్యేది. దానికి "ఇట్లయితే" అని పేరు. అందులో మా అన్నది అందెవేసిన చెయ్యి. "ఆ రోజు వాన పడకపోతే ఇట్లయితుండె బావా" అని ఒక ముక్క తీసి ఇంకోటి గుచ్చేవాడు. బావ దానికి ఎదురు ఇంకోటి గుచ్చేవాడు. ఇద్దరూ కలిసి మొత్తం జిల్లాను తిరగేసి, రాని ముఖ్యమంత్రిని తెచ్చి, వచ్చినవాణ్ణి ఇంటికి పంపి, చాయ్ చల్లారిపోయిందని అక్క తిట్టేదాకా కదిలేవాళ్ళు కాదు. నాకు తండ్రి ముఖం సరిగా గుర్తులేదు. ఆ ఇద్దరూ అట్లా చాప మీద తలలు దగ్గర పెట్టుకుని కూర్చుంటే మా ఇంటికి ఏ లోటూ లేదనిపించేది నాకు.

అట్లాంటి అన్న ఒకసారి మా వార్డుకు కార్పొరేటర్‌గా నిలబడ్డాడు. మోటార్లు, మిక్సీలు బాగుచేసే మనిషి. మా వాడ మురికికాలువ గురించి ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, ఇక నేనే నిలబడతానన్నాడు. పార్టీలు టికెట్ ఇవ్వలేదు. ఇండిపెండెంటుగా వేస్తే బకెట్ గుర్తు వచ్చింది. ఎర్రటి ప్లాస్టిక్ బకెట్ ఒకటి చేతిలో పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. నీళ్ళకు పోతున్నాడనుకుని పక్కకు జరిగినవాళ్ళూ ఉన్నారు. బావ దుకాణం మూసి ఆయనతో తిరిగాడు, ఎండలో తలకు తువ్వాలు చుట్టుకుని. ఆ పదిహేను రోజులు అన్నకు తిండి లేదు, నిద్ర లేదు. అయినా ఆట ఆగలేదు. టైలర్ ఈసారి నగరం వార్డులు కుట్టిచ్చాడు. అందరం గుచ్చి, మడిచి, అక్కకిచ్చాం.

పోలింగు ఇంకా రెండు రోజులుందనగా అక్క నన్ను బీరువాలోంచి చీర తెమ్మన్నది. పైనే, సోంపు వాసనతో, బావ రుమాలు. చూడకుండా ఉండలేకపోయానని రాస్తే అబద్ధమవుతుంది. ఉండగలిగేదాన్నే. చూడాలనిపించి చూశాను. మా వార్డు గడిలో గళ్ల గుడ్డ లేదు. చారల గుడ్డ ఉంది. మడిచి ఎట్లా ఉన్నది అట్లా పెట్టేశాను. అక్కడితో ఊరుకున్నా బతికిపోయేవాళ్ళం. మర్నాడు గోధుమలు పట్టించడానికి గిర్నికి పోయాను. గిర్ని సంగతి తెలిసిందే కదా, పిండి వచ్చేలోపు వాడ వాడంతా చెవిలో పడుతుంది. ఒకామె "ఏమక్కా, మీ అన్న గెలుస్తాండా?" అన్నది. నా నోరు మంచిదైతే "గెలుస్తడు" అని ఊరుకునేది. అందరికంటే నాకు ఎక్కువ తెలుసునన్న పొగరొకటి ఏడ్చింది కదా. "ఏడ గెలుస్తడు? మా బావనే గళ్ల గుడ్డ పెట్టలె" అన్నాను. బావ లెక్క తప్పదని బజారంతా ఎరుగుదురు. సాయంత్రానికల్లా "బట్టల సేటే బామ్మర్ది ఓడుతడన్నడట" అన్న మాట మళ్ళీ నా చెవికే వచ్చింది.

అన్న పదకొండు ఓట్లతో ఓడిపోయాడు.

ఆ సాయంత్రం అలవాటు ప్రకారం వచ్చాడు. అక్క సర్వపిండి చేసింది, గెలిచినా ఓడినా తినాలి కదా అని. నేను పళ్ళెం పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. అన్న కూర్చోలేదు. "నీ రుమాలు తియ్యి బావా" అన్నాడు. బావ విప్పాడు. అన్న దాన్ని ఒక క్షణమే చూశాడు. "ఇది బజార్లకు ఎట్ల పోయింది? నువ్వే చెప్పినవా?" అని అడిగాడు. బావ తలెత్తి నా వైపు చూశాడు. నా ముఖంలోనే ఆయనకు అంతా కనబడి ఉంటుంది. "నా నోట్లకెల్లే పోయింది బామ్మర్దీ" అన్నాడు. అన్న చెప్పులేసుకున్నాడు. నేను పళ్ళెంతోనే గుమ్మంలోంచి పక్కకు జరిగి ఆయనకు దారిచ్చాను.

తొమ్మిదేళ్ళు మాట్లాడుకోలేదు వాళ్ళు. పెళ్ళిళ్ళలో అన్న ఒక మూలన తిని వెళ్ళిపోయేవాడు, బావ ఇంకో మూలన ఆయన్నే చూస్తూ కూర్చునేవాడు. బావ ఆట మానేశాడు. ఎన్నికలొస్తే టైలర్ "గుడ్డ చింపుతవా సేటూ?" అని అడిగేవాడు. "చేతగాదు భయ్, కండ్లు కనిపిస్తలేవు" అనేవాడు. ఆయన కళ్ళకు ఏమీ కాలేదు. చివరకు బావ దవాఖానలో పడ్డప్పుడు నేను మంచం పక్కన కూర్చుని, "అన్నకు చెప్పేస్త బావా, నా వల్ల అయితలేదు" అని ఏడ్చాను. ఆయన చెయ్యి ఊపాడు. "ఊకో. నీతోని కూడ మాట బంద్ చేస్తడు. వానికి నేనొక్కన్ని పోయింది సాలదా, చెల్లె కూడ పోవాల్నా? ఫికర్ చెయ్యకు" అన్నాడు. నేను ఆ మాట పట్టుకుని మళ్ళీ ఊరుకున్నాను. అది ఆయన మంచితనం. నాకది మంచి వంక అయింది. నాలుగు రోజులకు బావ పోయాడు. అన్న వచ్చాడు, గేటు దగ్గరే నిలబడ్డాడు. పాడె లేపేటప్పుడు మాత్రం ఎవరినీ అడగకుండా వచ్చి భుజం పెట్టాడు.

దినాలు అయ్యాక అక్క బీరువా సర్దుతుంటే చీరల అడుగున ఒక రుమాలు దొరికింది. మడత విప్పలేదు. "నీదిరా ఇది. ఆ రోజు నువ్వు తియ్యకుంటనే పోతివి. నియమం గదా, నేను ముట్టలె" అని అన్న చేతిలో పెట్టింది. అన్న విప్పాడు. గుండుసూదులు తుప్పు పట్టి గుడ్డంతా మరకలు. మా వార్డు గడిలో ఆయన పెట్టుకున్నది కూడా చారల గుడ్డే.

"నువ్వు కూడ గళ్ల గుడ్డ పెట్టుకోలేదా అన్నా?" అన్నాను.

"మనసుల ఉన్నదే పెట్టాలె గదనే. ఓడుతనని నాకు తెలువదా?" అన్నాడు. "బావ పెట్టలేదని నాకేం కోపం? ఉన్నదున్నట్టు పెట్టిండు. ఇంట్ల మాట బజార్లేసిండని గదా నా కడుపు మండింది."

అప్పుడు చెప్పాను. బీరువా, గిర్ని, పళ్ళెం, దవాఖాన, అన్నీ. అక్క చేతిలో చీర చేతిలోనే ఉండిపోయింది. అన్న నన్ను కొట్టినా బాగుండేది. గోడ మీద, దండ వేసిన బావ ఫోటో వైపు తిరిగి, "తొమ్మిదేండ్లు బావా" అన్నాడు. నా వైపు చూడకుండానే, "ఒక్కనాడన్న చెప్పకపోతివి చెల్లె" అన్నాడు.

బావ భయపడ్డట్టు నాతో మాట్లాడటం మానలేదు. ఇప్పటికీ వస్తాడు, మిక్సీ బాగుచేస్తాడు, పెట్టింది తింటాడు. అది ఇంకా కష్టంగా ఉంది నాకు.

మనవరాలు ఫోన్ తీసుకుంటూ, "నచ్చకపోతే మొత్తం చెరిపి మళ్ళీ మొదటికెల్లి ఆడొచ్చు చిన్నమ్మమ్మా" అని, ఒక్క వేలితో రంగులన్నీ తుడిచేసి చూపించింది. మంచిదే అన్నాను. నేను ఒంటరిగా ఉన్నప్పుడు ఆడే "ఇట్లయితే" ఆటలో ఒక్క ఓటు కూడా మారదు. అన్న పదకొండు ఓట్లతో ఓడిపోతూనే ఉంటాడు. ఒక్క మాటే మారుతుంది. సర్వపిండి పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి "నేనే చెప్పిన అన్నా" అంటాను. అన్న నన్ను నానా మాటలూ అంటాడు, తర్వాత చాప మీద కూర్చుంటాడు, బావ ఆయన వైపు నడిమి ముక్క జరుపుతాడు. అంతవరకు బాగానే వస్తుంది. అక్కడి నుంచి ఆ తొమ్మిదేళ్ళను ఒక్కొక్కటిగా గుచ్చుకుంటూ రావాలి, నాకు చేతకాదు. గడిచిన ఏళ్ళకు ఒకటే ఫలితం, అది ఎప్పుడో వచ్చేసింది.