మా ఆయన తొలి పిస్తోలు

మా ఆయన డ్యూటీ నుంచి రాగానే టిఫిన్ డబ్బా మూత తీసి నాకు చూపించేవారు. సింకులో పెట్టేముందు అది ఖాళీ అయిందని నేను కళ్లారా చూడాలి. సైన్యంలో తుపాకీ ఖాళీ చేశాక లోపల ఏమీ లేదని పక్కనున్నవాళ్లకు చూపించి తీరాలట. రిటైరై ఇన్నేళ్లయినా ఆ అలవాటు పోలేదు, తుపాకీ లేదు కాబట్టి డబ్బాకి అంటుకుంది. అడుగున కాస్త పప్పు మిగిలిందంటే పేలుతుందేమో జాగ్రత్త అని నేను ఏడిపించేదాన్ని. ఆయన మాత్రం నవ్వేవారు కాదు, చూశాక నేను తలూపేదాకా అక్కడే నిలబడేవారు.

నేను మస్కట్‌లో నర్సుని, ఎముకల వార్డులో. ఘుబ్రాలో ఉంటాం, మా అమ్మాయి అక్కడి ఇండియన్ స్కూల్లోనే చదువుతోంది. ఆయన ఊరి చివర రుసైల్ ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కంపెనీ గోడౌన్ చూసుకునేవారు. ఈ ఏడు ఆ గోడౌన్ మూసేశారు. ఆ వయసు మనిషిని కొత్తగా తీసుకునే కంపెనీ దొరకలేదు. ఇంట్లో కూర్చున్న కొద్ది రోజులకే ఆయన మాట తగ్గిపోయింది. నా డ్యూటీ బట్టలు ఇస్త్రీ చేసిపెట్టడం మొదలుపెట్టారు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది.

అలాంటప్పుడు రాజమండ్రి నుంచి ఆయన బెటాలియన్ మిత్రుడు ఫోన్ చేశాడు. అతను నగల షాపులో గన్‌మన్. అదే షాపు కాకినాడలో ఇంకో బ్రాంచి తెరుస్తోంది, మనిషి కావాలి, కానీ సొంత పిస్తోలు ఉండాలి. సెలవుకి ఊరెళ్లినప్పుడు పెట్టుకున్న లైసెన్సు ఆయనకి ముందే చేతికొచ్చింది, గడువులోగా ఆయుధం కొని చూపించకపోతే అదీ పోతుంది. కంపెనీ ఆఖర్న ఇచ్చిన డబ్బులో అమ్మాయి ఫీజు పక్కన పెట్టగా మిగిలిందే మా బడ్జెట్.

తమాషా ఏమిటంటే, జీవితంలో సగం రైఫిల్ మోసిన మనిషి పిస్తోలు ఎప్పుడూ పట్టుకోలేదు. అది ఆఫీసర్ల నడుముకి వేలాడేదట. అందుకని మా హాల్లో చదువు మొదలైంది. మిత్రుడు ఫొటోలు, వీడియోలు పంపడం, ఈయన కళ్లజోడు పెట్టుకుని చూడడం, నాకు పాఠం చెప్పడం. సెమీ ఆటోమేటిక్ అంటే పైభాగాన్ని ఒక్కసారి గట్టిగా వెనక్కి లాగి వదలాలి, మొదటి తూటా లోపలికెక్కుతుంది. అక్కణ్ణించి నొక్కినప్పుడల్లా ఒకటి పేలి, తర్వాతది దానంతటదే ఎక్కుతుంది. ఉల్లిపాయలు తరుగుతూ ఇవన్నీ విన్నాను. పరీక్ష పెడితే పాసయ్యేదాన్ని.

మా స్తోమతకు తూగేవి రెండే. ఒకటి ఎవరో వాడి అమ్ముతున్నది, రెండోది ప్రభుత్వ ఫ్యాక్టరీ తయారీ. తేలికగా, మెత్తగా పనిచేసే కొత్తరకం ఒకటుంది గానీ దాని ధర వినగానే ఫోన్ బోర్లా పెట్టేశారు. పాతదాని స్ప్రింగ్ ఎంత అలసిపోయిందో ఎవరికి తెలుసు, మొదటిసారి కొనేవాడు పాతది కొనకూడదని మిత్రుడు తేల్చి చెప్పాడు. డబ్బంతా పిస్తోలుకే పోయకుండా తూటాలకీ, తోలు కవరుకీ, కొన్నాళ్ల ప్రాక్టీసుకీ ఉంచుకోమన్నాడు. అలా ఫ్యాక్టరీది ఖాయమైంది. కాకపోతే కొత్తలో దాని స్ప్రింగ్ మొండిగా ఉంటుందని, లాగడానికి చెయ్యి గట్టిగా ఉండాలని ఆఖర్న ఓ మాట అన్నాడు.

బరువు అలవాటు కావాలని ఆయనకో ఆలోచన వచ్చింది. ఇక్కడికి దగ్గర్లో బర్కాలో ఖర్జూర తోటలో పనిచేసే మా ఊరతను తెచ్చిచ్చిన ఖర్జూరాలు వంటింటి కాటాలో పిస్తోలు బరువుకి సరిగ్గా తూచి, పొట్లం కట్టి, పౌచులో పెట్టి నడుముకి బిగించారు. దాంతోనే లులూ సూపర్‌మార్కెట్‌కి, దాంతోనే ఇక్కడ సెలవురోజైన శుక్రవారం చర్చిలో ఆరాధనకి. ప్రార్థనలో మోకరించినప్పుడు పౌచు జిప్పు ఊడి ఖర్జూరాలు చాప మీద దొర్లాయి. పాస్టరు గారు కళ్లు మూసుకునే ఉన్నారు, దేవుడి దయ. మా అమ్మాయి నవ్వు ఆపుకోలేక బయటికి పరిగెత్తింది. చాలా రోజుల తర్వాత ఆయనా నవ్వారు.

నేను నవ్వలేకపోయాను. నగల షాపు మీద పడే దొంగ మొదట కాల్చేది గుమ్మంలో నిలబడ్డ గన్‌మన్‌నే. మోకాళ్ల మీద ఉండి నేను ఆలోచించింది అదే.

ఇంకో సంగతి ఉంది. గోడౌన్‌లో లారీ తలుపు పడి ఆయన ఎడమచేతి చివరి రెండు వేళ్లు నలిగాయి. కట్లు కట్టింది నేనే. ఆ వేళ్లు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు. పిస్తోలు పైభాగాన్ని లాగాల్సింది ఆ చేత్తోనే. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఊరికి బయల్దేరే ముందురోజు ఆవకాయ సీసా మూత ఆ చేత్తో తీయబోయి తీయలేక, చెమట తుడుచుకున్నారు. మా వార్డులో చేతులు దెబ్బతిన్నవాళ్లకు నేర్పేదే ఆయనకీ నేర్పాను. మూత తిప్పొద్దు, మూతని కదలకుండా పట్టుకుని, బాగున్న చేత్తో సీసాని తిప్పండి. మూత వచ్చింది. ఆయన అన్నంలో కలుపుకుని తిన్నారు, ఇంకేమీ అనుకోలేదు. నేను పిస్తోలు గురించి అనుకున్నాను.

విశాఖలో ఆయుధాల షాపు నుంచి వీడియో కాల్ వచ్చినప్పుడు నేను మస్కట్‌లో మా ఆసుపత్రి భోజనాల గదిలో ఉన్నాను. ఫోన్ మిత్రుడు పట్టుకున్నాడు. గడువు దగ్గరపడింది, ఇంకో షాపుకి తిరిగే టైము లేదు. షాపతను ఖాళీ పిస్తోలు చేతికిచ్చి, పైభాగం లాగి చూసుకోమన్నాడు. ఆయన లాగారు. అది కదల్లేదు. చొక్కాకి చెయ్యి తుడుచుకుని మళ్లీ లాగారు. షాపతను మర్యాదగా పక్కకి చూశాడు.

నాకు సంతోషం వేసింది. దాచడమెందుకు, ప్రభువా అది అలాగే బిగుసుకుని ఉండనీ అనుకున్నాను. ఉద్యోగం లేకపోతే లేకపోయింది, మనిషి ఉంటాడు, నా బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ ఇక్కడే ఉంటాడు. అంతలో ఆయన ఆ ఎడమచేతిని మెల్లిగా వెనక్కి, ఎవరికీ కనబడకుండా పెట్టుకోవడం చూశాను. ఆ ముఖం చూశాక నోరు మూసుకుని కూర్చోవడం నా వల్ల కాలేదు.

"ఏవండీ, సీసా తిప్పండి."

ఆయన ఫోన్ వైపు తిరిగారు. "ఏంటే?"

"పైది లాగొద్దండీ. దాన్ని ఛాతీ దగ్గర ఎడం అరచేత్తో కదలకుండా పట్టుకోండి. కుడిచేత్తో పిడిని ముందుకి తొయ్యండి. ఆవకాయ సీసా గుర్తులేదా?"

ఆయన పిస్తోలుని గోడ వైపు పెట్టి, ఛాతీ దగ్గరికి తెచ్చుకుని తోశారు. పైభాగం టకామని వెనక్కి వచ్చింది. షాపతను తలూపాడు. మిత్రుడు ఏదో అన్నాడు, నాకు వినబడలేదు. నా కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. నా చేతులతో నేనే ఆయన్ని ఆ షాపు గుమ్మంలో నిలబెట్టానని తెలుస్తూనే ఉంది.

ఆయన పైభాగాన్ని వెనక్కే ఆపి, పిస్తోలుని పక్కకి వంచి, ఫోన్‌కి దగ్గరగా పెట్టారు. లోపల తూటా ఎక్కే గూడు ఖాళీగా కనబడింది.

"ఏం లేదు, చూడు," అన్నారు.

నేను తలూపేదాకా అలాగే పట్టుకుని ఉన్నారు.