మా అన్న పెంచిన జుట్టు

మూడేళ్లపాటు నేను చర్చి లోపలికి పోలేదు. ప్రతి ఆదివారం నిజామాబాద్‌లో బోధన్ బస్సెక్కి మా ఊళ్లో దిగేవాణ్ణి. చర్చి దాకా నడిచి, వరండాలో చెప్పులు విడిచే చోటే ఆగిపోయేవాణ్ణి. లోపల మగవాళ్లు టోపీ తీయాలి. నేను తీయలేను.

అంతకు ముందు చాలా ఏళ్లు అక్కడ బైబిలు వాక్యం చదివింది నేనే. పదో తరగతితో బడి మానేసినా, పట్టణంలో జిరాక్స్ షాపులో పనిచేస్తూ, మధ్యాహ్నం పూట గ్రంథాలయంలో దొరికిందల్లా చదివినవాణ్ణి. ఒత్తులు మింగననీ, ఆగవలసిన చోట ఆగుతాననీ అయ్యగారు, అంటే మా పాస్టరు, నన్నే పిలిచేవారు. ఒక ఆదివారం, నేను నిలబడి చదివే బల్లకు సరిగ్గా పైన కొత్త ఫ్యాను బిగించారు. ఎడమ చెవి దగ్గర నుంచి కుడి చెవి దాకా నేను జాగ్రత్తగా పరిచి దువ్వుకున్న వెంట్రుకలు డబ్బా మూత లేచినట్టు లేచి నిలబడ్డాయి. ముందు పిల్లలు నవ్వారు, తర్వాత పెద్దలు. వాక్యం సగంలోనే దిగిపోయాను. మళ్లీ ఆ బల్ల దగ్గర నిలబడి చదవాలన్నది ఆనాటి నుంచి నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

గ్రంథాలయంలో ఒక ఆరోగ్య పత్రికలో బట్టతల మీద వెంట్రుకలు నాటే ఆపరేషన్ చేసే రోబో సంగతి చదివాను. కెమెరా కళ్లతో ఒక్కో వెంట్రుక కుదురునూ చూసి, ఏది తీయాలో అదే ఎంచుకుంటుందట. చేయి వణకదట. అదంతా నోటుబుక్కులో ఎక్కించుకుని, హైదరాబాద్ ఆసుపత్రికి ఫోన్ చేశాను.

"ముందు డోనర్ ఎలా ఉందో డాక్టర్ గారు చూడాలి సార్. దట్టంగా ఉంటేనే రోబోతో చేస్తారు. వచ్చేదాకా కటింగ్ చేయించకండి" అంది ఫోనులో అమ్మాయి.

డోనర్ అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పాలా? మా బాపు ఆపరేషన్‌కు "డోనర్‌ను తెచ్చుకోండి" అని నర్సమ్మ అంటే నేనూ అన్నా రక్తం ఇచ్చినవాళ్లమే. అవయవ మార్పిడి మీద ఒక లావు పుస్తకం కూడా చదివాను. తోడబుట్టినవాళ్లదైతే బాగా కలుస్తుందని అందులో ఉంది. మా అన్న జుట్టులో దువ్వెన పళ్లు విరుగుతాయి. ఇంకేం కావాలి?

"అన్నా, నీ వెంట్రుకలు గావాలె" అన్నాను ఫోనులో.

"ఏం జేస్తవురా, మంత్రం బెట్టిపిస్తవా?"

సంగతంతా చెప్పాను.

"మొత్తం దీస్తరా, సగం దీస్తరా?"

"కొన్నే తీస్తరు. గని అప్పటిదాంక కటింగ్ చేయించకు."

"సరే తియ్."

డాక్టరును చూసే రోజు దొరకడానికి మూడు నెలలు పట్టింది. ఆలోగా అన్న జుట్టు చెవులను కప్పేసి, వెనక కాలరుకు తగిలింది. మా దిక్కు మగవాడు జుట్టు పెంచాడంటే ఏదో గుట్ట మీది దేవుడికి వెంట్రుకలు ఇచ్చే మొక్కు ఉన్నట్టే. చాయ హోటల్లో అందరూ అన్నను పట్టుకున్నారు.

"ఏందే, ఎవల మొక్కు? మీరు చర్చికి పోయెటోళ్లు గదా!"

నా గుట్టు బయటపెట్టలేక అన్న, "ఉన్నది తియ్ ఒక మొక్కు" అనేవాడట. ఆ మాట అయ్యగారి దాకా పోయింది. ఆయన మా ఇంటికి వచ్చి, చాయ తాగి, ఏమీ అడగకుండా అన్న తల వైపే చూసి వెళ్లారు.

హైదరాబాద్‌లో డాక్టరమ్మ నన్ను కుర్చీలో వెనక్కి తిప్పి, నా తల వెనక చిన్న కెమెరా ఆనించి, టీవీ తెర మీద చూసింది.

"డోనర్ బాగుంది" అంది.

"ఇంకా మీరు చూడలేదు కదా మేడమ్, బయట కూర్చున్నాడు" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. నేనే తలుపు తీసి అన్నను పిలిచాను. అన్న లోపలికి వచ్చి, చేతులు కట్టుకుని, ఆమె ముందు తల వంచి నిలబడ్డాడు. కొబ్బరి నూనె పెట్టి, పాపిట తీసి, ఎంత శుభ్రంగా వచ్చాడో! డాక్టరమ్మ నవ్వు రాకుండా పెదవి బిగించి మెల్లగా చెప్పింది. డోనర్ అంటే నా తల వెనక భాగమేనట. అక్కడివి తీసి ముందు నాటుతారట. పరాయి మనిషివి నాటితే ఒంటికి పడవట, తోడబుట్టినవాడివైనా సరే. నోటుబుక్కు నా ఒళ్లోనే ఉంది. దాన్ని ఎక్కడ దాచాలో తెలియలేదు.

తిరుగు బస్సు కామారెడ్డి దాటింది. అన్న ఒక్కసారిగా నవ్వు మొదలుపెట్టాడు.

"గన్ని బుక్కులు సదివితివి. నీ తలకాయ ఎన్క ఏమున్నదో నీకే తెల్వదారా?"

"రేపే జుట్టు కోపియ్యి అన్నా" అన్నాను, కిటికీలోంచి చూస్తూ.

"ఎట్ల కోపిస్త? ఊరంత మొక్కంటున్నరు. ఉత్తగ కోపిస్తే ఇజ్జత్ పోతది. నువ్వు మల్ల వాక్యం సదివిన నాడు కోపిస్త."

ఎగతాళికే అన్నాడనుకున్నాను.

తర్వాతి నెలలో ఆపరేషన్ అయింది. తల వెనక గొరిగి, నన్ను బోర్లా వంచి, ముఖం దిండులోని మెత్తటి గుంటలో పెట్టించారు. కదలొద్దన్నారు. కదలకుండా ఉండటం నాకు రానే రాదు. తిమ్మిరి ఎక్కిన తల మీద రోబో చేయి వాలుతుంటే టక్, టక్ మని చప్పుడు మాత్రం వినిపించేది. నేను గట్టిగా ఊపిరి తీస్తే అది ఆగేది, మళ్లీ చూసుకుని మొదలుపెట్టేది. నాకంటే దానికే ఓపిక ఎక్కువ. తీసినవాటిని మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ముందు భాగంలో నాటారు.

నెల తిరగకముందే నాటినవి రాలడం మొదలైంది. రాలతాయని డాక్టరమ్మ ముందే చెప్పింది. కుదుళ్లు లోపలే ఉంటాయి, కొత్తవి రావడానికి నెలలు పడుతుందంది. నేనూ అదే చదివాను. అయినా దిండు మీద చూసిన ప్రతి వెంట్రుకా గుండెలో గుచ్చుకునేది. షాపులో జిరాక్స్ మిషన్ మూత తెరిచినప్పుడల్లా దాని అద్దంలో నా తల చూసుకునేవాణ్ణి. ఒకాయన పట్టా పాసుపుస్తకం కాపీ అడిగితే, ఆధార్ కార్డుది తీసి ఇచ్చాను.

ఆదివారం దాకా ఉండబట్టలేక ఒకసారి శనివారమే ఊరికి పోయాను. కాలువ కింద మా చేనులో చెరకు కోత నడుస్తోంది. అన్న జుట్టును సుతిలి తాడుతో ముడివేసి, పైన రుమాలు చుట్టుకుని, కొడవలి ఆపి ఆపి తల గోక్కుంటున్నాడు.

"చెరకు ఆకు దూగరకు దురద లేస్తున్నదా అన్నా?"

"దూగర గాదు, పేన్లు! మీ వదిన పక్కకు రానిస్తలేదు."

"కోపియ్యరాదే!"

"నువ్వు సదువరాదూ!"

"నాకు ఇంక కొత్తయి రాలేదే అన్నా. ఉన్నయి గుడ రాలుతున్నయి."

"వెంట్రుకలు సూపియ్యమన్ననారా? సదువుమన్న" అని మళ్లీ చెరకులోకి వంగాడు.

మర్నాడు వరండాలో చెప్పుల పక్కన చాలాసేపు నిలబడ్డాను. మొదటి పాట అయిపోయింది. లోపల రెండో బెంచీలో అన్న వెనక నుంచి కనిపిస్తున్నాడు. జుట్టు మెడ నిండా పడి ఉంది, పక్కన కూర్చున్నాయన కొంచెం ఎడంగా జరిగాడు. అన్న చేయి పైకి లేచింది, తల గోక్కుంది, దిగింది. మళ్లీ లేచింది.

టోపీ తీసి జేబులో కుక్కుకున్నాను. నా తల ముందు భాగమంతా ఎర్రని చుక్కలు, ఇక్కడొకటి అక్కడొకటి మిగిలిన మొలకలు. ఎవరి ముఖమూ చూడకుండా బల్ల దాకా నడిచాను. అయ్యగారు పుస్తకం నా వైపు తిప్పి పక్కకు జరిగారు. పైన అదే ఫ్యాను తిరుగుతోంది. గాలి నెత్తికి చల్లగా తగిలింది. ఒక పిల్ల కిసుక్కున నవ్వింది. వేలు పేజీ మీద ఆనించి, ఒక్క ఒత్తు కూడా మింగకుండా చివరిదాకా చదివాను.

ఆశీర్వాదం అయ్యీ కాకముందే అన్న లేచి బయటికి నడిచాడు, నేరుగా రోడ్డు మీది కటింగ్ షాపుకు. నేనూ వెనకే పోయాను. షాపాయన అన్న మెడకు బట్ట కట్టి, జుట్టు చేత్తో ఎత్తి చూశాడు.

"ఇన్నొద్దులకు తీరిందా మొక్కు? ఏ గుట్టకు ఇస్తవు గీ వెంట్రుకలు?"

అన్న అద్దంలోంచి నన్ను చూశాడు.

"మా తమ్మునికి ఇద్దమనుకున్న. వానికి పనికిరావట!"